అంగళ్ళు మూయించగలిగినవాళ్ళు: సూరత్‌లో వర్తక నాయకత్వం

17వ శతాబ్దపు సూరత్‌లో వర్తకులకు పెద్దగా నిలిచినవాడి చేతిలో సైన్యం ఉండేది కాదు, పన్ను వేసే అధికారమూ ఉండేది కాదు. రేవుకూ సుంకాలకూ మొఘల్ పాదుషా నియమించిన ముతసద్ది ఉండేవాడు. నది ఒడ్డున ఉన్న కోటకు వేరే కిల్లేదారు, న్యాయవిచారణకు ఖాజీ. ఈ ముగ్గురి మధ్య పొత్తు కుదరడం అరుదు. వర్తకుల నాయకత్వం పెరిగింది ఆ సందుల్లోనే. ఎవరి మాట మీద డబ్బు కదులుతుందో, ఎవరు చెబితే ఊరి అంగళ్ళన్నీ ఒకేసారి మూతపడతాయో వాళ్ళనే ఊరు పెద్దలుగా లెక్కించింది. డబ్బు కదిలించగలిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. అంగళ్ళు మూయించగలిగినవాళ్ళు తక్కువ. సూరత్ వర్తక చరిత్రలో పైకొచ్చిన ఇళ్ళనూ కూలిన ఇళ్ళనూ చూస్తే, చాలా చోట్ల ఈ తేడాయే కనిపిస్తుంది.

సూరత్ తపతి నది ఒడ్డున, సముద్రానికి 20 కిలోమీటర్లు ఎగువన ఉంది. 1573లో అక్బరు గుజరాత్‌ను జయించాక అది మొఘల్ సామ్రాజ్యానికి ప్రధానమైన రేవు అయింది. మక్కాకు వెళ్ళే యాత్రికులు ఇక్కడే ఓడ ఎక్కేవారు. నదిలో ఇసుక మేటలు ఉండటంతో పెద్ద ఓడలు సువాలి దగ్గర లంగరు వేస్తే, సరుకు అక్కడి నుంచి చిన్న పడవల మీదా బండ్ల మీదా ఊళ్ళోకి వచ్చేది. 1612లో సువాలి దగ్గర పోర్చుగీసులతో పోరాడి నిలిచిన ఇంగ్లిషువాళ్ళు ఆ వెంటనే సూరత్‌లో కొఠీ పెట్టారు. కొద్ది ఏళ్ళలో డచ్చివాళ్ళూ వచ్చారు. జైనులు, వైష్ణవ బనియాలు, బోహ్రాలు, పార్శీలు, ఆర్మీనియన్లు, అరబ్బులు, తురుష్కులు ఒకే బజారులో బేరాలాడేవారు.

ఈ వర్తకమంతా నడిచింది హుండీల మీద. సూరత్‌లో రాసిన కాగితానికి ఆగ్రాలోనో బుర్హాన్‌పూర్‌లోనో రొక్కం చెల్లేది. కాగితం మీద ఉన్న పేరును అవతలి ఊరి షరాబు నమ్మితేనే ఆ చెల్లింపు. గుజరాతీ వర్తకులు ఈ నమ్మకాన్ని ఆబ్రూ అంటారు. పెళ్ళిలో పెట్టే ఖర్చు, గుడికి ఇచ్చే విరాళం, వాయిదా తప్పని చెల్లింపు, పూట భోజనంలో నియమం అన్నీ ఆబ్రూ లెక్కలోకే వచ్చేవి. దివాలా తీసినవాడు సొమ్ముతో పాటు సంబంధాలు కూడా పోగొట్టుకునేవాడు.

ఒక్కొక్కరి ఆబ్రూను కలిపి సామూహికమైన అధికారంగా మార్చిన సంస్థ మహాజన్. ఒక్కో వ్యాపారానికి ఒక్కో మహాజన్, దానికి ఒక సేఠ్. పైన ఊరి వర్తకులందరి తరఫున మాట్లాడే నగర్‌సేఠ్. మహాజన్ సెలవు దినాలు నిర్ణయించేది, తగాదాలు తీర్చేది, తప్పు చేసినవాడికి జరిమానా వేసేది, మాట వినని వాడితో ఎవరూ బేరం చేయకుండా వెలివేసేది. సరుకు అమ్మకాల మీద లాగో అనే చిన్న రుసుము వసూలు చేసి దానితో గుళ్ళనూ పాంజ్రాపోళ్ళనూ నడిపేది. పాంజ్రాపోళ్ళంటే ముసలి, జబ్బు పశువులను ఉంచి మేపే శాలలు. 1689లో సూరత్‌లో ఉన్న ఇంగ్లిషు మతాచార్యుడు జాన్ ఓవింగ్టన్ ఈ జంతు వైద్యశాలను చూసి ఆశ్చర్యపడి రాశాడు. ఆయన దాన్ని మతాచారంగా చూశాడు గానీ, ఊరంతా ఒకరి చేతికి రుసుము అప్పగించడంలో ఉన్న రాజకీయం ఆయన కంట పడినట్టు లేదు.

ఆ శతాబ్దపు మొదటి ఏడు దశాబ్దాల్లో సూరత్‌లో అందరికంటే పెద్ద పేరు వీర్జీ వోరాది. ఆయన స్థానకవాసి జైనుడు. ఇంగ్లిషువాళ్ళ కాగితాల్లో 1619 నుంచి కనిపిస్తాడు. 1666లో సూరత్ వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు జాన్ ద తెవెనో ఆయనతో స్నేహం చేసి, ఆయన ఆస్తిని కనీసం 80 లక్షలుగా అంచనా కట్టాడు. మిరియాలు, పగడాలు, పాదరసం, లవంగాలు, సీసం, దంతం వీర్జీ ప్రధాన సరుకులు. ఓడ దిగిన సరుకును విడివిడిగా కొనడం కాకుండా మొత్తం ఒకేసారి ఎత్తుకోవడం ఆయన పద్ధతి. మలబారు మిరియాలను తన మనుషుల చేత ముందే కొనిపించి, సూరత్‌లో ఇంగ్లిషువాళ్ళకూ డచ్చివాళ్ళకూ తన ధరకు అమ్మేవాడు. ఆయన కోరిన సరుకుకు మరో వర్తకుడు ధర పెట్టడానికి జంకుతున్నాడని 1640ల ఇంగ్లిషు ఉత్తరాలు వాపోయాయి. అదే ఉత్తరాలు రాసినవాళ్ళు ఓడలు బయలుదేరే వేళకు సరుకు కొనడానికి డబ్బు చాలక ఆయన దగ్గరకే వెళ్ళేవారు. నెలకు నూటికి రూపాయి పైచిలుకు వడ్డీకి లక్షల్లో అప్పు తెచ్చుకునేవారు. ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు కొందరు సొంత వ్యాపారానికీ ఆయన సొమ్మే వాడుకున్నారు. లండన్ అధికారులకు అది రుచించలేదు.

వీర్జీ గుమాస్తాలు అహమదాబాద్, ఆగ్రా, బుర్హాన్‌పూర్, కాలికట్ దాకా ఉండేవారు. గోల్కొండలోనూ ఆయన కొఠీ ఉంది. బర్మాలోని పెగూతో వ్యాపారం మళ్ళీ మొదలుపెట్టాలనుకున్న ఇంగ్లిషువాళ్ళకు 1647లో ఆ కొఠీ నుంచే వరహాల్లో అప్పు అందింది. కుతుబ్‌షాహీల రాజ్యంలో ఒక గుజరాతీ జైనుడి చీటీకి చెల్లుబాటు ఉండటం తెలుగు నేల వర్తకానికి కొత్తేమీ కాదు. గోల్కొండ వజ్రాలు, బందరు కలంకారీలు ఎన్నడో పడమటి తీరపు దారి పట్టాయి.

ఇంతటి ధనికుడి బలానికి ఉన్న హద్దు 1638లో బయటపడింది. అప్పటి ముతసద్ది మసీహుజ్జమాన్ మిరియాల వ్యాపారాన్ని తన చేతిలోకి తీసుకోబోయి, అడ్డుగా ఉన్న వీర్జీని ఖైదు చేశాడు. ఆరోపణల జాబితా కూడా రాసిపెట్టాడు. వ్యవహారం షాజహాన్ దర్బారు దాకా వెళ్ళింది. పాదుషా వీర్జీని విడిపించి, ముతసద్దిని పదవి నుంచి తప్పించాడు. అప్పుడు వీర్జీని కాపాడినది దర్బారు న్యాయం. ఊరు ఆయన కోసం అంగళ్ళు మూసినట్టు కనిపించదు. మిరియాల బేరంలో ఆయనకు లొంగి బతికిన చిన్న వర్తకులకు ఆయన ఖైదు వల్ల నష్టమెంతో, ఊరట ఎంతో చెప్పడం కష్టం.

పాదుషా నీడ ఎప్పుడూ ఒకేలా ఉండదు. 1657లో షాజహాన్ జబ్బుపడగానే సింహాసనం కోసం బయలుదేరిన ఆయన కొడుకు మురాద్ బక్ష్ సైనికులు సూరత్‌ను పట్టుకున్నారు. వీర్జీ వోరా, మరో పెద్ద వర్తకుడు హాజీ జాహిద్ బేగ్ ముందుండి ఊరి వర్తకుల తరఫున 5 లక్షల రూపాయలు మురాద్‌కు అప్పుగా ఇవ్వాల్సి వచ్చింది. 1664 జనవరి మొదట్లో శివాజీ గుర్రపు దళంతో వచ్చి పడినప్పుడు ముతసద్ది ఇనాయత్ ఖాన్ కోటలో దూరి తలుపులు వేసుకున్నాడు. కంపెనీ అధ్యక్షుడు జార్జి ఆక్సెండెన్ తన మనుషులతో ఇంగ్లిషు కొఠీని కాపాడుకున్నాడు. ఊరి వర్తకులకు కావలి లేదు. వీర్జీ ఇల్లూ గిడ్డంగులూ దోపిడీకి గురై తగలబడ్డాయి. హాజీ జాహిద్ బేగ్ ఇంటికీ అదే గతి పట్టింది. తర్వాత ఔరంగజేబు సూరత్ వర్తకులకు ఒక ఏడాది సుంకం మినహాయించాడు, ఊరి చుట్టూ ఇటుక గోడ లేచింది. వీర్జీ పూర్తిగా మునిగిపోలేదు, మళ్ళీ బేరాల్లో కనిపించాడు. 1670 నాటికి మాత్రం వ్యవహారం మనవడి చేతికి వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో శివాజీ రెండోసారి వచ్చాడు.

ఈ రెండు దాడుల నడుమ, 1669లో, సూరత్ వర్తకులు చేసిన పని వీర్జీ 50 ఏళ్ళలో చేయలేనిది. ఆ రోజుల్లో ఖాజీ బనియాల మీద మతం పేరిట ఒత్తిడి పెంచాడు. తులసీదాస్ పారేఖ్ అనే ప్రముఖ వర్తకుడి మేనల్లుడు మతం మారవలసి వచ్చింది. బలవంతపు సున్తీకి గురైన మరొక బనియా ఆ అవమానం భరించలేక ప్రాణం తీసుకున్నాడు. మిగతావాళ్ళు మతం మార్చే భయం నుంచి బయటపడటానికి డబ్బు ముట్టజెప్పుకోవలసి వచ్చింది. ఇలా ఒక్కొక్కరూ విడిగా చెల్లించుకుంటూ పోతే ఆ బెదిరింపుకు అంతు ఉండదని మహాజన్ పెద్దలు గ్రహించారు.

ముందు నిలిచినవాడు భీమ్‌జీ పారేఖ్, ఇంగ్లిషు కంపెనీకి దలాలీ చేసిన కుటుంబంవాడు. పెద్దలు మొదట కంపెనీ అధ్యక్షుడు జెరాల్డ్ ఆంజియర్‌ను కలిసి, బొంబాయికి తరలివస్తే రక్షణ ఇస్తారా అని అడిగారు. బొంబాయిని పెంచాలని కలలు కంటున్న ఆంజియర్‌కు ఇంతకంటే తీపి మాట ఉండదు. అయినా పాదుషాకు కోపం వస్తుందని జంకి, ముందు అహమదాబాద్ వెళ్ళి అక్కడి నుంచి పాదుషాకు మొర పెట్టుకోమని సలహా ఇచ్చాడు. మహాజన్ తన దారి తానే చూసుకుంది. సెప్టెంబరు చివరి వారంలో 8,000 మంది బనియాలు ఇళ్ళు వదిలి, 70 కిలోమీటర్ల దూరంలోని భరూచ్‌కు ప్రయాణమయ్యారు. ఆడవాళ్ళనూ పిల్లలనూ దగ్గరి బంధువుల కావలిలో ఉంచారు. ఖాజీ మండిపడి వాళ్ళను ఆపమని ముతసద్దిని అడిగితే, వాళ్ళు పాదుషా ప్రజలు, పాదుషా రాజ్యంలో తమకిష్టమైన చోటికి పోవచ్చు, ఆపే అధికారం నాకు లేదన్నాడు. ముతసద్దికి ఖాజీ మీద ఉన్న కినుక ఆ జవాబులో దాగడం లేదు.

అసలు నేర్పు ఊరు విడిచి వెళ్ళడంలో కంటే ఊళ్ళో మిగిలినవాళ్ళను కట్టడి చేయడంలో ఉంది. భరూచ్ నుంచి కబురు వచ్చేదాకా ఎవరూ అంగడి తెరవకూడదు, తెరిస్తే కఠినమైన శిక్ష ఉంటుందని మహాజన్ కట్టుబాటు చేసింది. అది నిలిచింది. టంకశాల, సుంకం చావడి మూతపడ్డాయి. ఇంగ్లిషువాళ్ళకు వ్యాపారం సంగతి అటుంచి, ఇంటి ఖర్చుకు కూడా రొక్కం పుట్టలేదు. దాదాపు మూడు నెలలు ఊరి తాళాలు ఊడలేదు. పాదుషా నుంచి ప్రాణానికీ మతానికీ భయం లేదన్న హామీ వచ్చాకే, డిసెంబరు 20న బనియాలు సూరత్‌కు తిరిగి వచ్చారు.

ఈ ఉదంతంలో భీమ్‌జీ చేసిన పనిని విడదీసి చూడటం అవసరం. ఆయన వీర్జీ అంత ధనికుడు కాడు. ఆయన దగ్గర ఉన్నది మూడు వైపుల పరిచయం: మహాజన్‌లో కూర్చునే హక్కు, కంపెనీవాళ్ళ భాషా నడవడీ తెలిసిన చొరవ, దర్బారుకు మొర ఎలా చేర్చాలో తెలిసిన అనుభవం. కంపెనీ సలహాను విన్నాడు, దానికి కట్టుబడలేదు. అంగళ్ళు మూసినంత కాలం అందరికంటే ఎక్కువ నష్టపోయేది పెద్ద వర్తకులే. వాళ్ళు ముందు వెళ్ళారు కాబట్టి చిన్న అంగడివాడు వెనక్కి తగ్గలేదు. 1638లో మూతపడని తలుపులు ఈసారి మూతపడటానికి కారణం అదే కావచ్చు.

భీమ్‌జీ ఆసక్తి బజారుతో ఆగలేదు. బ్రాహ్మణ గ్రంథాలను అచ్చు వేయించాలన్న కోరికతో తన ఖర్చు మీద ఇంగ్లండు నుంచి ముద్రాపకుణ్ణి రప్పించాడు. 1674లో హెన్రీ హిల్స్ అనే ఆ మనిషి అచ్చుయంత్రంతో వచ్చాడు గానీ, దేశీ అక్షరాల అచ్చులు పోయడం అతనికి చేతకాలేదు. ఆ ప్రయత్నం అక్కడే నిలిచిపోయింది. 1683లో కంపెనీ భీమ్‌జీకి బంగారు పతకమూ గొలుసూ బహుమతిగా ఇచ్చింది.

ఇదే కాలంలో తూర్పు తీరంలో తెలుగు వర్తకుల నాయకత్వం వేరే దారిలో సాగింది. మద్రాసులో బేరి తిమ్మన్న, ఆయన తర్వాత కాశీ వీరన్న కంపెనీకి ముఖ్య వర్తకులయ్యారు. కంపెనీకి బట్టల సరఫరా వీళ్ళ చేతి మీదుగానే జరిగేది. 1680లో వీరన్న చనిపోతే సెయింట్ జార్జి కోట నుంచి 30 ఫిరంగులు పేల్చారు. సూరత్‌లో ఏ దేశీ వర్తకుడికీ ఇంగ్లిషువాళ్ళు అలాంటి వీడ్కోలు ఇవ్వవలసిన పరిస్థితి లేదు. అక్కడ ఊరి పెద్ద కంపెనీకి బయట, కంపెనీ కంటే పాతదైన మహాజన్‌లో నిలబడ్డాడు. మద్రాసు కంపెనీ కోట చుట్టూ పుట్టిన ఊరు.

18వ శతాబ్దం మొదట్లో సూరత్‌లో అందరికంటే పెద్ద ఓడల యజమాని ముల్లా అబ్దుల్ గఫూర్ అనే బోహ్రా వర్తకుడు. ఎర్ర సముద్రం వైపు తిరిగే డజనుకు మించిన ఓడలు ఆయనవి. 1695లో ఇంగ్లిషు దొంగ హెన్రీ ఎవరీ పాదుషా ఓడ గంజ్-ఇ-సవాయీని దోచాడు. దానికి కొంచెం ముందు గఫూర్ ఓడ ఫతే మహమ్మదీని కూడా పట్టుకున్నాడు. గఫూర్ ఊరి కోపాన్ని వెంట పెట్టుకుని, ఈ దొంగలకు యూరోపియన్ కంపెనీలే జవాబుదారీ అని పట్టుబట్టాడు. ఆ ఒత్తిడికి 1699లో ఇంగ్లిషు, డచ్చి, ఫ్రెంచి కంపెనీలు సముద్ర మార్గాలు పంచుకుని కాపలాకు ఒప్పుకుంటూ రాసి ఇచ్చాయి. ఒక వర్తకుడు సొంత నష్టాన్ని ఊరి వ్యవహారంగా మార్చగలిగిన సందర్భం అది.

గఫూర్ ఇల్లు ఆ దారిలో కొనసాగలేదు. 1718లో ఆయన చనిపోగానే రేవు అధికారి హైదర్ కులీ ఖాన్ వారసుల హక్కు తోసిపుచ్చి, 85 లక్షల రూపాయల ఆస్తిని జప్తు చేశాడు. కొంత కాలానికి ఆస్తి తిరిగి దక్కినా, మనవడు ముల్లా మహమ్మద్ అలీకి సొమ్ముతో పాటు అధికారం మీద మోజు కలిగింది. అఠ్వా దగ్గర సొంత కోట కట్టాడు. 1732లో ముతసద్ది సొహ్రాబ్ ఖాన్‌ను దించే తిరుగుబాటులో వర్తకులకు నాయకుడై, తేగ్ బేగ్ ఖాన్‌ను గద్దె మీద కూర్చోబెట్టాడు. అలా కూర్చున్నవాడే మహమ్మద్ అలీని ఖైదు చేశాడు. 1733లో ముల్లా ఖైదులోనే మరణించాడు. ఊరి వర్తకులు ఆయన కోసం కదలలేదు. కోట కట్టిన వర్తకుడు వాళ్ళ కళ్ళకు మరొక ముతసద్దిలాగే కనిపించి ఉంటాడు.

పార్శీ దలాలులు మరో రకం పెద్దలు. రుస్తుం మానెక్ కుటుంబానికి కంపెనీ బాకీ పడ్డ సొమ్మును సూరత్ అధికారులు ఎగవేయబోతే, కొడుకు నౌరోజీ ఓడ ఎక్కి లండన్ వెళ్ళి తీర్పు తన పక్షాన తెచ్చుకున్నాడు. ఇంగ్లండు గడ్డ మీద అడుగుపెట్టిన తొలి పార్శీగా ఆయన్ను చెబుతారు. 1736లో లౌజీ నస్సర్వాన్‌జీ వాడియా ఓడల పని చేతబట్టుకుని బొంబాయి వెళ్ళాడు. ఆ తర్వాత సూరత్ నేర్పులో చాలా భాగం ఆ దారినే వెళ్ళింది.

1759లో ఇంగ్లిషువాళ్ళు సూరత్ కోటను, 1800లో ఊరి పాలనను చేజిక్కించుకున్నారు. ఆ మధ్య 40 ఏళ్ళలో బొంబాయి ప్రభుత్వం మరాఠాలతో చేసిన యుద్ధాలకు రొక్కం అందించినది సూరత్ షరాబులే. బెంగాలు మీద రాసిన హుండీల బలంతో సైన్యానికి జీతాలు చెల్లేవి. షరాబులకు వడ్డీ, కమిషన్ మిగిలాయి. ఊరి మీద వాళ్ళ పట్టు మాత్రం బొంబాయి ప్రభుత్వపు నీడలో పలచబడింది.

అంగళ్ళు మూసే అలవాటు మాత్రం పోలేదు. 1844 ఆగస్టులో ఉప్పు మీద పన్ను మణుగుకు 8 అణాల నుంచి రూపాయికి పెంచితే సూరత్ వీధుల్లోకి వచ్చింది. ప్రభుత్వం పెంపులో కొంత వెనక్కి తీసుకుంది. 1848లో బెంగాలు తూనికలు ప్రవేశపెట్టబోతే వర్తకులు అంగళ్ళు మూసి ఆ ఆలోచన విరమింపజేశారు. 1878లో వ్యాపార లైసెన్సు పన్ను వేసినప్పుడు కొన్నాళ్ళ పాటు ఊరు మూతపడింది, అల్లర్లు చెలరేగాయి, కాల్పులు జరిగాయి. అప్పటికి ప్రభుత్వంతో మాట్లాడే భాష మారిపోయింది. మునిసిపాలిటీ, వినతిపత్రం, బొంబాయి వకీలు వచ్చి చేరాయి. నగర్‌సేఠ్ పిలుపు మీద ఊరు కదిలే రోజులు పోయాయి. ఇంగ్లిషు చదివిన కొత్త పెద్దలు కౌన్సిళ్ళలో ఊరి తరఫున మాట్లాడారు. 1940లో ఏర్పడిన దక్షిణ గుజరాత్ వాణిజ్య మండలి ఆ కొత్త పద్ధతికి చెందినదే.

20వ శతాబ్దంలో జరీ, పట్టు నేసిన ఊరు మరమగ్గాల మీద కృత్రిమ నూలు బట్టకూ, వజ్రాల సానకూ మళ్ళింది. లింబాయత్ వంటి పేటల్లో తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు స్థిరపడి ఆ మగ్గాల దగ్గర పని చేస్తూ వచ్చారు. బట్టల మార్కెట్లో పెత్తనం మార్వాడీ, గుజరాతీ వర్తకులది; మగ్గం దగ్గర ఒరియా, మరాఠీ, తెలుగు చేతులు. ఈ కూలీలకు మహాజన్‌లో ఏనాడూ చోటు లేదు. హర్తాళ్ జరిగిన ప్రతిసారీ మొదట కూలి పోయేది వాళ్ళకే.

2017 జులైలో బట్టల మీద 5 శాతం జీఎస్టీ వేసినప్పుడు సూరత్ బట్టల మార్కెట్లు పాత ఆచారాన్ని మళ్ళీ చూపించాయి. నెల మొదటి నుంచి 18వ తేదీ వరకు వేలాది దుకాణాలు మూసి ఉన్నాయి, వర్తకులు వేల సంఖ్యలో ఊరేగింపులు తీశారు. నాయకత్వం ఒక సేఠ్‌ది కాకుండా ఒక సంఘర్ష సమితిది. 1669లో ఉన్న శిక్ష భయం ఇక్కడ లేదు, ఆర్డర్లు చేజారిపోతాయన్న భయం ఉంది. పన్ను అలాగే ఉండగానే సమితి దుకాణాలు తెరవమని చెప్పింది, మార్కెట్లు తెరుచుకున్నాయి. మగ్గాలు నడిపేవాళ్ళు ఆ రెండున్నర వారాల కూలి పోగొట్టుకుని పనిలోకి వెళ్ళారు.